మైలవరము నుండి మంగళగిరికి

కృష్ణాతీరమనగనే చదువరులగు సోదరీమణుల మనస్సులలో కాలువలును, కొబ్బరిచెట్లును, ఆకుపచ్చని వరిచేలును మెదలును. మా మైలవరము అట్టి యూరు కాదు. విజయవాడకు ఉత్తరముగా సుమారు 35 కిలోమీటర్ల దూరమున, చిన్న చిన్న కొండల నడుమ నున్న మెట్టసీమ ఇది. ఏండ్ల తరబడి కృష్ణాజిల్లాలో నుండి, 2022వ సంవత్సరమున ఎన్టీఆర్ జిల్లాలో చేరినది. ఇచ్చటి భాగ్యమంతయు మామిడితోటలలోనే యున్నది. మాఘమాసమున పూత నిండిన తోటలనుండి వచ్చు గాలి యూరంతయు నిండియుండును. జమీందారుల కాలమున ఈ యూరి పేరు నాటకప్రియులందఱికిని పరిచితము. వారు పోషించిన బాలభారతీ నాటకసమాజమును జనులు మైలవరము కంపెనీ యని పిలిచెడివారు. ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో పద్యనాటకమున పేరుమోసిన నటులు పెక్కురు అందు వేషములు కట్టిరి.

మా సీమకు మఱియొక ప్రసిద్ధి కలదు. బుడమేరు పుట్టినది ఈ చుట్టుపట్ల కొండలలోనే. పుట్టినచోట అది యేరనిపించుకొనదు. వేసవిలో పిల్లలు పాదములు తడియకుండ దాటిపోవుదురు. ఆ చిన్నవాగే దిగువకు పోయి, మఱికొన్ని వాగులను కలుపుకొని, కొల్లేటిలో పడును. 2024 ఆగస్టు చివరను, సెప్టెంబరు మొదటను కురిసిన వానలకు ఆ బుడమేటి గట్లు తెగి, విజయవాడలో సింగునగరు మొదలగు పేటలు మునిగిపోయినవి. జనులు మేడలపై నిలిచి అన్నపు పొట్లముల కొఱకు దినముల తరబడి ఎదురుచూచిరి. పుట్టినచోట కాలితో దాటదగినది దిగువకు పోయి యెంత పని చేయునో మా సీమవారికి వేఱొకరు చెప్పనక్కఱలేదు.

అయినను పిల్లల దేహములపై పుట్టు చిన్న గడ్డల విషయమున లోకము ఇంకను ఉపేక్షతోనే యున్నది. గడచిన మాఘమాసమున మేము మైలవరమునుండి మంగళగిరికి చేసిన ప్రయాణము అట్టి యొక గడ్డ మూలముననే కలిగినది. అందు చూచినదియు, తెలిసికొన్నదియు బిడ్డలు గల తల్లులకు ఉపయోగపడునని తలచి వ్రాయుచున్నాము.

మా యింటికి రెండిండ్ల అవతల నున్న గృహస్థు మామిడితోటలు గుత్తకు తీసికొని వ్యాపారము చేయును. ఆయన కుమార్తెకు పదునొకండేండ్లు. మా వారు పనిచేయు పాఠశాలలోనే చదువుచున్నది. ఆ బాలికకు ఎడమచెవి తమ్మె క్రింద, దవడ వంపున, రేగుపండంత గడ్డ యొకటి లేచెను. నొప్పి లేదు, జ్వరము లేదు, ఎఱుపు లేదు. అన్నము తినుటకు అడ్డు లేదు. మొదట గవదబిళ్ల యనుకొని పసుపును, సున్నమును కలిపి పట్టు వేసిరి. గవదబిళ్లయైనచో జ్వరముతోను, నొప్పితోను వచ్చి, వారము పదిదినములలో తగ్గవలసినది. ఇది ఏడాది దాటినను తగ్గలేదు సరికదా, రేగుపండు ఉసిరికాయ యైనది. పట్టా లేకయే వైద్యము చేయు నొకడు లోపల చీమున్నది, కోసి పిండెదనని సిద్ధపడెను. మఱియొకరు చురక పెట్టినచో అణగిపోవుననిరి. ఇంటిలోని నాయనమ్మ ఈ రెండింటికిని ఒప్పుకొనలేదు; పెద్ద ఆసుపత్రికి పోవుటకును ఒప్పుకొనలేదు. "ఆడపిల్ల మొగముపై కత్తి పెట్టించెదరా? రేపు పెండ్లిచూపులకు వచ్చినవారు ఆ మచ్చ యేమని యడుగరా?" అని యామె దుఃఖము. తల్లియో, రాత్రులయందు నిద్రించు బిడ్డ చెంపను తడిమి చూచుకొని, ఎవరితోను చెప్పుకొనలేక కుమిలిపోవుచుండెను. ఆమె నోటికి రాని మాట క్యాన్సరు.

బాలిక మంచి కంఠము గలది. బడిలో ప్రార్థనాగీతము పాడుటకు ముందు నిలుచునది, జడను ఎడమభుజము మీదుగా ముందునకు వేసికొని వెనుకవరుసకు పోయి నిలుచుట మా వారు గమనించి, తండ్రిని పిలిపించి మాటలాడిరి. మఱునాటి సాయంకాలమే తల్లి మా యింటికి వచ్చి, "అక్కయ్యగారూ, మీరు తోడు వచ్చినచో పోయెదము, మాకు అచ్చట ఎవరిని ఏమడుగవలెనో తెలియదు" అనెను. తండ్రికి పూతకాలమున తోట విడుచుటకు వీలులేనందున మేమును, తల్లియు, బాలికయు బయలుదేఱితిమి.

తెల్లవాఱుజామున విజయవాడ బస్సెక్కితిమి. ఇది 30వ నెంబరు జాతీయరహదారి. ఉత్తరదేశమునుండి ఛత్తీస్‌గఢ్ అడవులమీదుగా భద్రాచల ప్రాంతమును, తిరువూరును, మైలవరమును దాటి ఇబ్రహీంపట్నమున ముగియును. జి. కొండూరు దాటునప్పటికి ప్రొద్దు పొడిచెను. ఆ ప్రాంతముననే వెలగలేరు కడ బుడమేటి వఱదను కృష్ణలోనికి మళ్లించు రెగ్యులేటరు కలదు. ఆ వెనుక కొండపల్లి. కొండమీది కోట రెడ్డిరాజుల నాటిది, పదునాలుగవ శతాబ్దిలో కట్టినది. తరువాత గజపతులును, శ్రీకృష్ణదేవరాయలును, గోలకొండ సుల్తానులును దానిని గెలిచి యేలిరి. బాలిక బడిపిల్లలతో ఆ కొండ యెక్కిన సంగతి ఉత్సాహముగా చెప్పెను. కాని బస్సులో జనము పెరిగినకొలది మాట తగ్గించి, ఎడమచెంప కిటికీవైపునకు ఉండునట్లు త్రిప్పుకొని కూర్చుండెను.

ఇబ్రహీంపట్నము కడ నార్ల తాతారావు విద్యుత్కేంద్రపు పొగగొట్టములు కనబడినవి. అచ్చటనుండి దారి కృష్ణ యొడ్డున సాగును. భవానీపురము దాటి ఇంద్రకీలాద్రి కనబడగనే తల్లి బస్సులోనుండియే చేతులు జోడించెను. పండిట్ నెహ్రూ బస్సు నిలయమున దిగి, మంగళగిరి బస్సెక్కి, కనకదుర్గ వారధిమీదుగా నది దాటితిమి. బ్యారేజికి దిగువ నగుటచే ఇసుకతిన్నెలు బయటపడి యుండెను. ఇంకొంత దూరము పోయిన పిమ్మట మంగళాద్రియు, దాని పాదమున రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు 1807-09 నడుమ కట్టించిన పదునొకండు అంతస్తుల గాలిగోపురమును కానవచ్చినవి. కొండమీది పానకాలస్వామి భక్తులు పోసిన పానకములో సగము గ్రహించి, సగము ప్రసాదముగా విడుచునని ప్రసిద్ధి.

అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ యున్న స్థలము పూర్వము క్షయరోగుల శానిటోరియము. ఆ దినములలో పిల్లల మెడమీద గడ్డ యనిన పెద్దలకు మొదట తోచునది గండమాల. క్షయరోగపు గడ్డలు నేటికిని లేకపోలేదు. కాని మెడను, దవడను లేచు గడ్డలన్నియు అవి కావు. ఈ సంస్థలో 2018లో వైద్యవిద్య మొదలైనది. 2019లో రోగులను చూచుట మొదలైనది. 2024 ఫిబ్రవరి 25వ తేదీన దీనిని జాతికి అంకితము చేసిరి. ఇట్టి జబ్బులకు మా ప్రాంతమువారు పూర్వము 1954లో స్థాపించిన అడయారు క్యాన్సరు సంస్థకో, 1955లో వెలసిన హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ఆసుపత్రికో పోవలసి వచ్చెడిది. రైలు ఛార్జీలకును, బసకును వెఱచి మానుకొన్నవారెందఱో. ఇప్పుడు ఉదయము బయలుదేఱి రాత్రికి ఇల్లు చేరవచ్చును. దూరము తగ్గుటయే సగము వైద్యమని మాకు తోచినది.

చీటీ వ్రాయించుకొని వరండాలో కూర్చుంటిమి. మా ప్రక్కన నొక యిల్లాలు అయిదునెలల పసిపాపను ఒడిలో నుంచుకొని యుండెను. ఆ పాపకు చెవి ముందర ఎఱుపును, నీలమును కలిసిన మెత్తని వాపు కలదు. అది రక్తనాళముల గడ్డ యనియు, హీమాంజియోమా యందురనియు, పుట్టిన కొన్ని వారములకు కనబడి పెరిగినదనియు, ప్రొప్రానొలాల్ అను చుక్కల మందుచే తగ్గుముఖము పట్టినదనియు ఆమె చెప్పెను. పసిపిల్లల చెవి ముందరి గ్రంథిలో కనబడు గడ్డలలో ఇదియే మిక్కిలి సాధారణమైనదట. మొదటి యేడు పెరిగి, పిమ్మట మెల్లమెల్లగా తనంతట తానే కరగిపోవుట దీని స్వభావము. గుండెజబ్బులకు వాడు ఆ మందు దీనిపై పనిచేయునని 2008లో ఫ్రాన్సుదేశపు బోర్డో నగర వైద్యులు లోకమునకు వెల్లడించిరి. వేఱొక కారణమున ఒక బిడ్డకు ఆ మందు ఇచ్చిరట. మొగముమీది గడ్డ వన్నె తగ్గి అణగుట చూచి వారే యాశ్చర్యపడిరట. ఆ పసిపాపకు కత్తితో పని లేదని విని మా బాలిక తల్లికి కొంత ధైర్యము చిక్కెను. కాని పదునొకండేండ్ల పిల్లకు లేచిన గట్టిగడ్డ వేఱు జాతిది.

మమ్ము చూచిన వైద్యురాలు మొదట బాలికతోనే మాటలాడిరి. "కనుబొమ్మలు ఎత్తుము, కన్నులు గట్టిగా మూయుము, పండ్లు చూపుము, బుగ్గలు పూరింపుము" అని ఒక్కొక్కటి చేయించి చూచిరి. పిమ్మట గడ్డను తడిమి, చెంప లోపలివైపును చూచి, మాకు అర్థమగునట్లు కాగితముమీద బొమ్మ గీచి చెప్పిరి.

పచ్చిమామిడి ముక్కను చూచినంతనే మనకు నోరూఱును. ఆ లాలాజలము మూడుజతల పెద్ద గ్రంథులనుండియు, పెదవులలోను, అంగిటను చెదరియున్న కొన్ని వందల చిన్న గ్రంథులనుండియు వచ్చును. దినమునకు ఒకటి, ఒకటిన్నర లీటరు ఊఱును. పెద్దవానిలో ఒక జత దవడ యెముక క్రింద, ఒక జత నాలుక క్రింద నుండును. అన్నిటికంటె పెద్దదియగు పెరోటిడు గ్రంథి చెవి ముందరను, తమ్మె క్రిందను పరచుకొని యుండును. 1660లో నీల్స్ స్టెన్సెన్ అను డెన్మార్కు దేశపు యువకుడు ఆమ్‌స్టర్‌డామ్ నగరమున చదువుకొనుచు, గొఱ్ఱెతలను కోసి పరిశీలించునప్పుడు, ఈ గ్రంథినుండి నోటిలోనికి పోవు కాలువను కనుగొనెను. పైదవడలోని రెండవ దంత్యచర్వణము కెదురుగా చెంప లోపల ఆ కాలువ నోరు నాలుకకు చిన్న మొటిమవలె తగులును.

గ్రంథి ఇంతయే యైనచో చిక్కు లేదు. మొగమును కదలించు నాడి చెవివెనుకనుండి బయలుదేఱి ఈ గ్రంథిలోనుండియే పోవుచున్నది. గ్రంథి నడుమ అది ముఖ్యముగా అయిదు శాఖలై, నుదురునకు, కంటికి, చెంపకు, పెదవికి, మెడకు చేరును. మనము నవ్వుటయు, కన్నుమూయుటయు దాని చలువయే. దారము తెగినచో తోలుబొమ్మ చేయి వ్రేలాడునట్లు, ఈ శాఖ తెగినచో మొగమున ఆ భాగము వ్రేలాడును. పసిపిల్లలలో ఈ నాడి మఱింత పైపైన నుండును. మా యూరిలో కోసి పిండెదనన్నవాడు కత్తి పెట్టదలచినచోటు ఇదియే. ఇది వినుచున్న తల్లి బిడ్డ చేతిని గట్టిగా పట్టుకొనెను.

ఈ గడ్డలు పిల్లలలో అరుదు. లాలాజల గ్రంథులలో పుట్టు గడ్డలు నూఱు తీసికొన్నచో, అందు పిల్లలవియు, పదునెనిమిదేండ్లలోపు వారివియు కలిసి అయిదు కూడ ఉండవు. కాని అరుదని నిశ్చింతగా నుండరాదు. పెద్దవారి పెరోటిడు గడ్డలలో నూటికి ఎనుబది వఱకు అపాయము లేనివే. పిల్లలలో నట్లు కాదు; రక్తనాళముల గడ్డలను విడిచి, గట్టిగానుండు గడ్డలను మాత్రమే లెక్కించినచో, సుమారు సగము వఱకు క్యాన్సరు జాతివి కావచ్చును. అపాయము లేనివానిలో ఎక్కువగా కనబడునది ప్లియోమార్ఫిక్ ఎడినోమా. క్యాన్సరు జాతిలో ఎక్కువగా కనబడునది మ్యూకో ఎపిడెర్మాయిడ్ కార్సినోమా. చేతికి రెండును ఒక్కతీరుననే తగులును. రెండును నొప్పి లేకయే మెల్లగా పెరుగును. నొప్పిలేని గడ్డ మంచిగడ్డ యను నమ్మకము ఇచ్చట పనికిరాదు.

తల్లి అప్పుడు ఆ మాటను మొదటిసారి పైకి అనెను: "క్యాన్సరా అమ్మా?" వైద్యురాలు తల్లిని మందలింపలేదు, అబద్ధమును చెప్పలేదు. "పరీక్షలు చేయక చెప్పరాదు. కాని ఒకమాట వినుము. పిల్లలలో వచ్చు ఆ జాతి క్యాన్సరు చాలవఱకు మందగతి గలది. సకాలమున పూర్తిగా తీసివేసినచో నూటికి తొంబదిమందికి మించి అయిదేండ్లు దాటి సుఖముగా నున్నారు. చాలమందికి శస్త్రచికిత్సయే చాలును" అనిరి. ఆ మాటలు విని తల్లి కన్నులు తుడుచుకొనెను.

నాడు అల్ట్రాసౌండు పరీక్ష చేసిరి. సన్నని సూదితో గడ్డనుండి కొన్ని కణములను తీసి పరీక్షకు పంపిరి. అది చీమకుట్టినంత బాధయే యని బాలికయే చెప్పెను. రెండవమాఱు పోయినప్పుడు ఎం.ఆర్.ఐ. తీసిరి. పెద్ద చప్పుడు చేయు ఆ గొట్టములో కదలక పండుకొనవలెనని చెప్పగా, బాలిక మనస్సులోనే పాటలు పాడుకొనుచు అరగంట గడపినది. ఈ రెండు పరీక్షలలోను ఎక్స్-కిరణములు లేవు. దీనిని ప్రత్యేకముగా చెప్పుట కొక కారణము కలదు. లాలాజల గ్రంథులలో గడ్డలు ఏల పుట్టునని యడిగినచో, పెక్కు పిల్లల విషయమున కారణము తెలియదు. తల్లి తిండిలోగాని, బిడ్డ అలవాటులలోగాని దోషమేమియు లేదు. తెలిసిన కారణములలో ముఖ్యమైనది రేడియేషను. 1945లో హిరోషిమా, నాగసాకి నగరములపై బాంబులు పడిన పిమ్మట బ్రదికినవారిలో ఈ గడ్డలు హెచ్చుగా కనబడినవి. తలలో తామర పోవుటకు పూర్వము ఇజ్రాయెలు దేశమున వేలకొలది బాలబాలికలకు ఎక్స్-కిరణముల చికిత్స చేసిరి. వారిలో పెక్కేండ్ల తరువాత ఇవి హెచ్చినట్లు తేలినది. కావుననే పిల్లలకు రేడియేషను చికిత్సను తప్పనిసరియైననే గాని వైద్యులు ఇయ్యరు. ఎదుగు దవడ యెముకకును దానివలన హాని కలదు.

సూది పరీక్షలో ప్లియోమార్ఫిక్ ఎడినోమా యని తేలెను. అపాయము లేనిదే. తల్లి సంతోషించి, ఇక ఇంటికి పోవచ్చునా యని యడిగెను. వైద్యురాలు తల యూపలేదు. ఈ గడ్డను విడిచినచో పెరుగుచునే యుండును. ఏండ్లు గడచిన పిమ్మట కొన్ని స్వభావము మార్చుకొని క్యాన్సరగును. పైగా దీనిని తీయుటలో నొక మెలకువ యున్నది. చూచుటకు ఇది నున్నగా బఠాణిగింజవలె ఊడివచ్చునట్లు తోచును. అనుభవము లేనివారు తొక్క చీల్చి గింజను పిండినట్లు తీసివేయుదురు. దీని పైపొర మిక్కిలి పలుచన. పగిలినచో లోపలి పదార్థము గాయములో చెదరి, అయిదేండ్లకో పదేండ్లకో దానిమ్మగింజలవలె అనేకములై మరల లేచును. అప్పుడు నాడి మచ్చలో చిక్కుకొని యుండును. రెండవ శస్త్రచికిత్స మొదటిదానికంటె పదింతలు కష్టము. కావున గడ్డను దానిచుట్టునున్న గ్రంథిభాగముతో కలిపి, నాడి శాఖలను ఒక్కొక్కటిగా వెదకి కాపాడుచు, పగులకుండ తీయవలెను. మొదటి శస్త్రచికిత్సయే సరియైనది కావలెను.

ఇది వినినప్పుడు మాకు చిన్ననాటి చదువు జ్ఞప్తికి వచ్చెను. మేము బడికి పోలేదు. మా తండ్రిగారే యింట సంస్కృతము చెప్పిరి. సుశ్రుతసంహిత నిదానస్థానమున గ్రంథి, అపచి, అర్బుదము, గలగండము అను నాలుగింటిని గూర్చి యొక అధ్యాయము కలదు. అర్బుదము గుండ్రనిదనియు, కదలనిదనియు, స్వల్పమైన నొప్పి గలదనియు, మెల్లగా పెరుగుననియు, చీము పట్టదనియు అందున్నది. చికిత్సాస్థానమున, అర్బుదమును శేషము లేకుండ తీయవలెననియు, శేషించినచో నిప్పువలె మరల రగిలి చంపుననియు హెచ్చరిక కలదు. చీము పట్టదని ప్రాచీనులు చెప్పినదానినే మా యూరివాడు చీముకొఱకు కోయదలచెను! స్వామి పానకములో సగము మిగిల్చినచో ప్రసాదమగును. గడ్డలో సగము మిగిల్చినచో పగయగునని మేము వైద్యురాలితో ననగా వారు నవ్విరి.

ఫాల్గుణమాసమున శస్త్రచికిత్స జరిగెను. ఈమాఱు తండ్రియు, నాయనమ్మయు కూడ వచ్చిరి. మూడుగంటలకు పైగా పట్టినది. ఆ మూడుగంటలును నాయనమ్మ పెండ్లిమాట యెత్తలేదు; "తల్లీ, పిల్ల నవ్వు పోకుండ చూడుము" అని కనకదుర్గమ్మను తలచుకొనుచుండెను. బాలికకు తెలివి వచ్చిన పిమ్మట వైద్యురాలు వచ్చి మొదటినాడు చేయించినట్లే చేయించిరి. కనుబొమ్మలు లేచినవి. కన్నులు మూతపడినవి. పండ్లు చూపునప్పుడు మాత్రము ఎడమ పెదవికొన కొంచెము వెనుకబడెను. తల్లి మొగము వాడిపోయెను. నాడి తెగలేదనియు, శస్త్రచికిత్సలో కదలించుటచే అలసినదనియు, కొన్ని వారములలో తేఱుకొనుననియు వైద్యురాలు చెప్పిరి. అట్లే యైనది, శ్రీరామనవమి నాటికి పెదవులు రెండువైపులను సమముగా కదలినవి. తీసిన గడ్డ నంతటిని పరీక్షించి, సూదిపరీక్షలో చెప్పినదే నిజమని వ్రాసి యిచ్చిరి.

ఇంటికి వచ్చునప్పుడు కారు కట్టించుకొని కొండపల్లి బొమ్మల పేటలో ఆగితిమి. బాలిక కోరినది అదియే. పనివారు తెల్లపొణికి కఱ్ఱతో బొమ్మలు చేయుదురు. ఆ కఱ్ఱ మెత్తన, తేలిక. అవయవములను వేఱువేఱుగా చెక్కి, చింతగింజల జిగురును, రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికి, సున్నము పూసి, ఆఱిన పిమ్మట రంగులు వేయుదురు. ఒక వృద్ధుడు మావటివాని బొమ్మకు సన్నని కుంచెతో కన్నులును, పెదవులును దిద్దుచుండెను. చేయి కదలకుండుటకై ఊపిరి బిగబట్టి గీయుట చూచితిమి. పెదవికొన ఒక్క వెండ్రుకవాసి క్రిందికి జాఱినను బొమ్మ యేడ్చుచున్నట్లుండునని యాతడు చెప్పెను. తల్లి ఆ మాటకు బిడ్డవైపు చూచి, ఏనుగు అంబారీని బేరమాడకయే కొనెను.

మచ్చ సంగతి చెప్పవలసియున్నది. కోత చెవి ముందరి మడతను పట్టి దిగి, తమ్మె క్రిందుగా చెవివెనుకకు పోయి, మెడమడతలో ముగియును. అయిదునెలలు గడచిన యీ శ్రావణమాసమున అది సన్నని గీతయై, జడ వెనుకకు వేసికొన్నను వెదకినగాని కనబడుట లేదు. మొన్న నాయనమ్మ కండ్లద్దాలు పెట్టుకొని వెదకి, "ఏ చెవికి చేసిరే?" అని యడిగినది. తమ్మెకు స్పర్శ కొంత తగ్గినది. అదియు క్రమముగా తగ్గవచ్చును, కొంత నిలిచిపోవచ్చును. కొందఱికి ఈ శస్త్రచికిత్స జరిగిన కొన్ని నెలలకు, పుల్లనివి తినునప్పుడు ఆ చెంపపై చెమట పట్టును. లాలాజలమునకు పోవలసిన సన్నని నాడులు దారి తప్పి చెమటగ్రంథులకు చేరుటయే కారణము. దానికి వెఱవనక్కఱలేదు, మందులును కలవు. మా బాలికకు ఇంతవఱకు అట్టిది లేదు. గడ్డ మరల లేచునేమో యని ఏటేట చూపించుకొనుట మాత్రము పెక్కేండ్లు మానరాదు.

సోదరీమణులారా, ఈ ప్రయాణమున మేము గ్రహించినది కొద్దిమాటలలో చెప్పి ముగింతుము. బిడ్డకు తలదువ్వునప్పుడును, స్నానము చేయించునప్పుడును చెవిముందర, తమ్మె క్రింద, దవడ క్రింద చేతితో తడిమి చూచుట మనకు సులువు. జలుబు, గొంతునొప్పి, తలలో కురుపులు కలిగినప్పుడు లేచు బిళ్లలు సాధారణముగా రెండుమూడు వారములలో అణగును. నెల దాటినను అణగక, గట్టిగానుండి పెరుగు గడ్డను, నొప్పి లేకున్నను, వైద్యునికి చూపవలెను. గడ్డ త్వరగా పెరిగినను, కదలక అంటుకొనియున్నను, పెదవి వంకరపోయినను, కన్ను మూతపడకున్నను ఒక్కదినమైనను ఆగరాదు. పట్టులు, చురకలు, కోసి పిండుటలు వలదు. చెవి, ముక్కు, గొంతు శస్త్రవైద్యులు గాని, పిల్లల శస్త్రవైద్యులు గాని, క్యాన్సరు శస్త్రవైద్యులు గాని ఉన్నచోటికే పోయి, "పెరోటిడు శస్త్రచికిత్సలు మీరు చేయుచుందురా? నాడిని ఎట్లు కాపాడుదురు?" అని నిర్మొహమాటముగా నడుగుడు; మంచి వైద్యులు దానికి కోపింపరు. పాత చీటీలన్నియు వెంట నుంచుకొనుడు. ఆరోగ్యశ్రీ యను పేర 2007లో మొదలై, తరువాత ఎన్టీఆర్ వైద్యసేవ యని పిలువబడుచున్న ప్రభుత్వ పథకము ఏ ఆసుపత్రిలో ఏ చికిత్సకు వర్తించునో బయలుదేఱుటకు ముందే విచారించుకొనుడు.

ఆడపిల్ల మొగమున మచ్చ పడునని వెఱచి గడ్డను దాచు తల్లులకు ఒక్కమాట. గీత జడలో దాగును. పెరిగిన గడ్డ దాగదు. వంకరపోయిన పెదవి అంతకన్న దాగదు. పెండ్లి చేసికొను నాటికి బిడ్డ నిండుగా నవ్వవలెను. ఆ నవ్వును కాపాడుకొను కాలము గడ్డ రేగుపండంత యున్ననాడే.